పాలపళ్ళే కదా అని వదిలేయకండి

(పిల్లల పళ్ళ గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు, నల్లగొండలో పద్దెనిమిదేళ్ళుగా పిల్లల దంతవైద్యం చేస్తున్న డాక్టరుగారి జవాబులు)

ప్రశ్న: డాక్టరుగారూ, మా పాపకు రెండేళ్ళ ఎనిమిది నెలలు. పై వరసలో ముందు నాలుగు పళ్ళు గోధుమరంగుకి తిరిగాయి. ఈ మధ్య అంచులు కూడా పెళుసుగా విరిగిపోతున్నాయి. కింది పళ్ళు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. రాత్రిపూట పాలసీసా నోట్లో లేకపోతే నిద్రపోదు. మా అత్తమ్మ "పాలపళ్ళే కదా, ఎట్లాగూ ఊడిపోతయి, పసిపిల్లను ఆస్పత్రుల చుట్టూ తిప్పకు" అంటోంది. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. కాల్షియం తక్కువై ఇలా అయ్యిందంటారా?
- ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, "కింది పళ్ళు ముత్యాల్లా ఉన్నాయి" అని రాశారు చూడండి, ఆ మాటలోనే కారణం ఉంది. ఇది కాల్షియం వల్ల వచ్చింది కాదు, పాలసీసా వల్ల వచ్చిన పుచ్చు. సీసా చప్పరించేటప్పుడు పాప నాలుక ముందుకు వచ్చి కింది పళ్ళను కప్పేస్తుంది. పైగా లాలాజలం ఊరే రంధ్రాలు కింది ముందు పళ్ళ వెనకే ఉంటాయి, అవి ఎప్పుడూ కడిగినట్టు ఉంటాయి. పై పళ్ళకు ఆ కాపుదల లేదు. పాప నిద్రలోకి జారుకోగానే మింగడం తగ్గుతుంది, నోట్లో లాలాజలం దాదాపు ఆగిపోతుంది, పాలు పై పళ్ళ చుట్టూ మడుగులా నిలిచిపోతాయి. అందులో చక్కెర కలిపితే మరీ చేటు. పంటి మీద ఉండే సూక్ష్మక్రిములు ఆ తీపిని తిని ఆమ్లం వదులుతాయి, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది. పగలైతే అరగంటా గంటలో లాలాజలం ఆ నష్టాన్ని సరిచేస్తుంది. రాత్రి సరిచేసేవాళ్ళు ఎవరూ లేరు. అందుకే పిల్లల పళ్ళ బాగోగులు తేలేది రాత్రిపూటే అని నా దగ్గరికి వచ్చిన ప్రతి తల్లికీ చెబుతాను.

మీ అత్తమ్మగారి మాట ప్రేమతో అన్నదే. కానీ ఒక లెక్క ఆవిడకు నెమ్మదిగా చెప్పండి. ముందు పాలపళ్ళు ఊడేది ఆరేడేళ్ళకు. వెనక దవడ పాలపళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అంటే మీ పాప ఐదో తరగతి దాటేదాకా ఆ పళ్ళతోనే అన్నం నమలాలి. ఇంకొకటి, ప్రతి పాలపన్ను వేరు కిందా పెద్దపన్ను మొగ్గ తయారవుతూ ఉంటుంది. పైన చీము పడితే కింద మొగ్గకు కూడా దెబ్బ తగలొచ్చు. అలాంటి పన్ను మచ్చతోనో, గుంటతోనో బయటికొస్తుంది.

పోయిన నెల ఒకావిడ నాలుగేళ్ళ బాబును తీసుకొచ్చింది. వచ్చింది పళ్ళ కోసం కాదు, అక్క కూతురికి తోడుగా వచ్చింది. వాడు అక్కడే కూర్చుని పెరుగన్నం తింటున్నాడు. ముద్ద ఎడమ బుగ్గలో పెట్టుకుని పది నిమిషాలైనా మింగడం లేదు. "వీడింతే మేడం, మహా మొండి, అన్నం బుగ్గన పెట్టుకుని కూర్చుంటాడు" అని తల్లి విసుక్కుంది. వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టి చూశాను. కుడివైపు కింది దవడ పంట్లో గుంట, దాని కింద చిగురు మీద మెంతిగింజంత చీము పొక్కు. వాడికి ఆ వైపు నమిలితే నొప్పి. నొప్పి అని చెప్పడం తెలియదు, ఎందుకంటే అది ఎప్పటినుంచో ఉంది, అందరికీ అలాగే ఉంటుందనుకున్నాడు. ఆ బిడ్డ ఎన్నాళ్ళనుంచి ఒకవైపే నములుతూ తిట్లు తింటున్నాడో తలుచుకుంటే ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

మీరు చేయాల్సింది ఈ రాత్రే మొదలుపెట్టండి. సీసా ఒక్కసారిగా లాక్కుంటే ఇల్లంతా జాగారమే, కాబట్టి మెల్లిగా మాన్పించండి. చక్కెర ఇవాళే ఆపేయండి. రెండు రోజులకోసారి పాలు కొంచెం తగ్గించి నీళ్ళు కొంచెం పెంచండి. పది, పన్నెండు రోజుల్లో సీసాలో ఉత్త నీళ్ళే ఉంటాయి, పాపే దాన్ని పక్కన పడేస్తుంది. పాలు పడుకునే గంట ముందు గ్లాసుతో తాగించి, పళ్ళు తోమి పడుకోబెట్టండి. తోమాక మంచినీళ్ళు తప్ప ఇంకేమీ వద్దు. తల్లిపాలు తాగే పిల్లల తల్లులు ఇది చదివి భయపడి పాలు మాన్పించకండి. రెండేళ్ళు, ఆపైన కూడా తల్లిపాలు ఇవ్వొచ్చు. పళ్ళు వచ్చాక మాత్రం రాత్రి తోమకుండా, తెల్లార్లూ రొమ్ము నోట్లోనే ఉంచి పడుకోబెట్టొద్దు.

వైద్యం సంగతికి వస్తే, ఈ వారంలోనే ఒకసారి చూపించండి. పుచ్చు పైపైన ఉంటే ఫిల్లింగ్‌తో సరిపోతుంది. కొన్నిసార్లు వెండి కలిసిన ఫ్లోరైడ్ మందు పూసి పుచ్చు పాకకుండా ఆపుతాం. సూది ఉండదు, డ్రిల్లింగ్ ఉండదు, కానీ పూసినచోట నల్లగా అవుతుంది, అది ముందే తెలుసుకుని ఒప్పుకోండి. పుచ్చు నరం దాకా వెళ్తే పాలపళ్ళకు కూడా రూట్ కెనాల్ లాంటి వైద్యం ఉంది. మీ పాపకు ఏది కావాలో పన్ను చూస్తేనే తెలుస్తుంది.

చంటిపిల్లలున్న మిగతా తల్లులు నెలకోసారి ఒక పని చేయండి. బిడ్డను ఒళ్ళో పడుకోబెట్టి, పై పెదవిని వేలితో పైకెత్తి, ఫోన్ లైట్ వేసి చిగురు అంచు చూడండి. అక్కడ పంటి మీద సున్నంతో గీసినట్టు తెల్లటి గీత కనిపిస్తే అదే పుచ్చుకు మొదలు. మెరుపు ఉండదు, సుద్దలా మొద్దుగా ఉంటుంది. ఆ దశలో వస్తే ఫ్లోరైడ్ వార్నిష్ పూసి, తిండి, తోముడు సరిదిద్ది పన్నును మళ్ళీ గట్టిపరచొచ్చు. గోధుమరంగు వచ్చిందాకా ఆగితే ఆ అవకాశం పోతుంది. మొదటి పన్ను వచ్చాక ఆరు నెలల్లోపు, ఆలస్యమైతే మొదటి పుట్టినరోజుకల్లా ఒకసారి దంతవైద్యులకు చూపించమని మేం చెప్పేది ఇందుకే.

ప్రశ్న: మాది మునుగోడు దగ్గర పల్లె. మా అమ్మానాన్నల పళ్ళు ఫ్లోరైడ్ నీళ్ళతో గారపట్టాయి, మా పెదనాన్న నడుం వంగిపోయింది. ఇప్పుడు డాక్టర్లు పిల్లలకు ఫ్లోరైడ్ పేస్టు వాడమంటున్నారు. అదే విషం మళ్ళీ మా బిడ్డల నోట్లో పెట్టాలా? మా బాబుకి రెండేళ్ళు, పాపకి ఐదు.
- ఒక తండ్రి

జవాబు: అన్నా, మీరు అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మన జిల్లాలో పుట్టినవాళ్ళకు ఫ్లోరైడ్ అన్న మాట వింటేనే గుండె జలదరిస్తుంది. మన దేశంలో ఈ జబ్బును మొదట గుర్తించింది కూడా తెలుగు నేల మీదే, 1937లో, అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్ళలో ఫ్లోరైడ్ తగ్గించే విధానానికి మన ఊరి పేరే, 'నల్లగొండ పద్ధతి' అని పెట్టారు. ఆ పేరు చదివినప్పుడల్లా నాకు గర్వం, బాధ రెండూ కలుగుతాయి.

కానీ కడుపులోకి పోయే ఫ్లోరైడ్ వేరు, పంటి మీద పూసే ఫ్లోరైడ్ వేరు. లెక్కలో చెబుతాను. తాగేనీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా అని మన దేశపు ప్రమాణం. లీటరుకు 3 మిల్లీగ్రాములున్న బోరునీళ్ళు ఒక లీటరు తాగితే 3 మిల్లీగ్రాములు ఒంట్లోకి పోతుంది. రోజూ పోతుంది, అన్నం, పప్పు ఉడికిన నీళ్ళతోనూ పోతుంది. అదే 1000 పీపీఎమ్ పేస్టు, అంటే కిలో పేస్టులో 1000 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నది, బియ్యపుగింజంత పెట్టి, బాబు మొత్తం మింగేసినా లోపలికి పోయేది సుమారు 0.1 మిల్లీగ్రాము. ఆ కాస్త పేస్టే పంటి పైపొరను పుచ్చు నుంచి కాపాడుతుంది.

కాబట్టి ముందు మీ ఇంటి నీళ్ళ సంగతి తేల్చండి. మిషన్ భగీరథ నీళ్ళు వస్తుంటే తాగడానికీ వంటకీ అవే వాడండి. ఇంకా బోరునీళ్ళే తాగుతుంటే పరీక్ష చేయించి, నీళ్ళు మార్చండి. మరగబెడితే పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. పెద్దపళ్ళ మీద గార మచ్చలు పడేది అవి చిగురు లోపల తయారయ్యే వయసులోనే, అంటే పుట్టినప్పటినుంచి సుమారు ఎనిమిదేళ్ళ లోపు. ముందు పళ్ళకైతే మొదటి మూడు నాలుగేళ్ళే కీలకం. మీ ఇద్దరు పిల్లలూ ఆ వయసులోనే ఉన్నారు, నీళ్ళ విషయంలో ఒక్కరోజు కూడా నిర్లక్ష్యం వద్దు.

నీళ్ళు మంచివైతే పేస్టు భయం లేకుండా వాడండి. బాబుకు బియ్యపుగింజంత, మూడేళ్ళు దాటిన పాపకు బఠాణీగింజంత, అంతే. టీవీ ప్రకటనల్లో బ్రష్ పొడవునా పాములా పిండుతారు, అది పెద్దవాళ్ళకే ఎక్కువ. పేస్టు మీరే పెట్టండి, ట్యూబు పిల్లల చేతికి ఇవ్వొద్దు. పెట్టె మీద ఫ్లోరైడ్ ఎన్ని పీపీఎమ్ ఉందో చదివి కొనండి. పాపతో ఉమ్మించండి కానీ గ్లాసెడు నీళ్ళతో పుక్కిలించనివ్వకండి, ఆ కొంచెం ఫ్లోరైడ్ పంటి మీద ఉంటేనే లాభం. బొగ్గు, ఇటుకపొడి, ఉప్పు పిల్లల పళ్ళకు వద్దే వద్దు. పాలపంటి పైపొర పెద్దపంటి పొరలో దాదాపు సగం మందమే ఉంటుంది, గరుకుపొడితో రుద్దితే అరిగిపోతుంది.

తోమే పని కూడా మీదే. "ఐదేళ్ళు వచ్చాయి, తనే తోముకుంటుంది" అని గొప్పగా చెప్పే అమ్మానాన్నలు నా దగ్గరికి చాలామంది వస్తారు. తోముకోనివ్వండి, తర్వాత మీరు ఒకసారి తోమండి. ఏడెనిమిదేళ్ళ దాకా చేతివేళ్ళకు ఆ నేర్పు రాదు. ఎదురుగా నిలబడి తోమితే పిల్లలు తల తిప్పేస్తారు. మీరు మంచం అంచున కూర్చుని, పాపను మీ కాళ్ళ మధ్య వెనక్కి తిప్పి నిలబెట్టి, తల మీ పొట్టకు ఆనించుకోండి. ఎడమచేతి వేలితో పెదవి పక్కకు జరిపితే చివరి పన్ను దాకా కనిపిస్తుంది. ఉదయం హడావిడిలో ఎప్పుడైనా తప్పినా తప్పనివ్వండి, రాత్రి మాత్రం తప్పొద్దు.

ప్రశ్న: మా అబ్బాయికి ఏడేళ్ళు. కింద చివరి దవడ పన్ను మీద నల్లటి గీత పడింది, చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటుందట. పాలపన్నే కాబట్టి తీయించేస్తే కొత్తది వస్తుంది కదా?
- దేవరకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: దయచేసి తీయించకండి. అది పాలపన్ను కాకపోవచ్చు. ఇప్పుడే అబ్బాయిని పిలిచి నోరు తెరిపించండి. కింది పళ్ళ మధ్యగీత నుంచి ఒకవైపు వెనక్కి లెక్కపెట్టండి. రెండు కొరుకుడు పళ్ళు, ఒక కోరపన్ను, రెండు పాల దవడపళ్ళు, మొత్తం ఐదు. పాలపళ్ళు అక్కడితో సరి. ఆరోది కనిపిస్తే అది పెద్దపన్ను, జీవితాంతం ఉండాల్సింది. ఒకవైపు ఏ పాలపన్నైనా ఊడి ఖాళీగా ఉంటే ఆ ఖాళీని కూడా కలిపే లెక్కించండి.

ఈ ఆరో పన్ను సుమారు ఆరేళ్ళకు వస్తుంది, ఏ పన్నూ ఊడకుండానే వెనకాల చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది. ముందు పన్ను ఊడితే ఇంటిల్లిపాదికీ తెలుస్తుంది, పిల్లాడు ఊరంతా చూపించి వస్తాడు. ఇది వచ్చిన సంగతి తల్లికి కూడా తెలియదు. నమలడానికి మూలస్తంభం లాంటి ఆ పన్ను మీద లోతైన గాళ్ళు ఉంటాయి, బ్రష్ కుచ్చు వాటి అడుగుదాకా వెళ్ళదు. బిస్కెట్ పిండి ఇరుక్కుంటే అక్కడే పులుస్తుంది.

ఇది నా సొంత కథ కూడా. నాకు పదేళ్ళప్పుడు కుడివైపు కింది దవడ పన్ను పుచ్చింది. రెండు రాత్రులు లవంగం పెట్టుకుని ఏడ్చాను. ఇంట్లో అందరూ పాలపన్నే అనుకున్నారు, మా నాన్న సైకిల్ మీద తీసుకెళ్ళి పీకించారు. తీసినాయన కూడా ఏమీ చెప్పలేదు. కొత్తది వస్తుందని రెండేళ్ళు నాలుకతో ఆ చోటు తడుముకుంటూ ఎదురుచూశాను. రాలేదు. వెనక పన్ను ముందుకు ఒరిగింది, పై పన్ను కిందికి జారింది, ఇప్పటికీ ఆ వైపు జంతిక కొరకలేను. డెంటల్ కాలేజీలో చేరాక, పంటి ఆకారాలు చెక్కుతున్నప్పుడు తెలిసింది, నేను పోగొట్టుకున్నది ఏ పన్నో. నా దగ్గరికి ఆరేళ్ళ పిల్లలు వస్తే మొదట చూసేది ఆ నాలుగు మూలలే.

మీ అబ్బాయికి జివ్వుమనడం మాత్రమే ఉంటే చాలావరకు ఫిల్లింగ్‌తో సరిపోతుంది. మిగతా మూడు ఆరో పళ్ళు బాగుంటే వాటికి సీలెంట్ వేయించండి. గాళ్ళల్లోకి ద్రవంలా జారి, నీలిలైటు వేయగానే గట్టిపడే పూత అది. పన్నుకు కొన్ని నిమిషాలు పడుతుంది, సూది ఉండదు, నొప్పి ఉండదు. ఖర్చుకు వెనకాడేవాళ్ళు ప్రభుత్వ దంతవైద్య కళాశాలకు వెళ్ళొచ్చు, హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ఉంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే వైద్యబృందాలు పళ్ళు కూడా చూస్తాయి. ఆ రోజు పిల్లల్ని బడి మాన్పించకండి.

ప్రశ్న: మా మనవడికి ఎనిమిది నెలలు. పైపళ్ళు ముందు వచ్చాయి, మేనమామకు మంచిది కాదంటున్నారు. పైగా పళ్ళు వచ్చేటప్పుడు విరేచనాలు మామూలే కదా అని ఊరుకున్నాం, నాలుగు రోజులైంది.
- ఒక అమ్మమ్మ, హుజూర్‌నగర్

జవాబు: అమ్మమ్మగారూ, మీ అబ్బాయికి ఏమీ కాదు, పైవి ముందు రావడం కొందరు పిల్లల్లో ఉండేదే. నా కంగారంతా మీరు రెండో మాటగా రాసిన దాని గురించే. పళ్ళు విరేచనాలు తెప్పించవు. ఆ వయసులో చిగుళ్ళు దురదపెట్టి బిడ్డ చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటాడు, ఆ మురికితో వస్తాయి. పళ్ళేగా అని చూస్తూ కూర్చుంటే ఒంట్లో నీరు ఆరిపోతుంది. ఓఆర్ఎస్ పడుతూ, తల్లిపాలు ఆపకుండా, ఈరోజే పిల్లల డాక్టరుకు చూపించండి. పత్రిక అచ్చయ్యేదాకా ఆగకూడదని ఈ జవాబు మీకు ఫోన్‌లో ముందే చెప్పించాను.

ప్రశ్న: నేను నకిరేకల్ దగ్గర ఒక బడిలో టీచర్ని. పోయిన వారం నాలుగో తరగతి పిల్లాడు కబడ్డీలో పడి పై ముందు పన్ను వేరుతో సహా ఊడొచ్చింది. మట్టి అంటిందని కుళాయి కింద బాగా రుద్ది కడిగి, కాగితంలో చుట్టి ఇంటికి పంపాం. మళ్ళీ అలా జరిగితే ఏం చేయాలి?

జవాబు: టీచరుగారూ, తొమ్మిదేళ్ళ పిల్లాడి ముందు పన్ను పెద్దపన్నే, తిరిగి అతికే అవకాశం ఉన్న పన్ను. వేరు మీద కంటికి కనిపించని సన్నటి పొర ఉంటుంది, పన్ను మళ్ళీ ఎముకలో పట్టుకునేది దానివల్లే. రుద్దితే అది పోతుంది, ఎండిపోతే చచ్చిపోతుంది. అందుకని పన్నును తెల్లటి పైభాగం పట్టుకునే ఎత్తండి, వేరు ముట్టుకోవద్దు. మట్టి ఉంటే పది సెకన్లు నీళ్ళు ధారగా పోసి వదిలేయండి. పిల్లాడు స్పృహలో, స్థిమితంగా ఉంటే పన్నును అదే గుంటలో సరైన వైపు పెట్టి, చేతిరుమాలు మడిచి కొరికి పట్టుకోమనండి. అది కుదరకపోతే చల్లటి పాలల్లో వేయండి, మధ్యాహ్న భోజనం వండేచోటో, ఎదురుగా టీకొట్టులోనో దొరుకుతాయి. మామూలు నీళ్ళల్లో నానబెట్టొద్దు. అరగంటలో, పోనీ గంటలోపు దంతవైద్యుల దగ్గర ఉండాలి. ఒకటో తరగతి పిల్లాడి పాలపన్ను ఊడితే మాత్రం తిరిగి గుచ్చొద్దు, కింద మొగ్గకు దెబ్బ తగులుతుంది. రక్తం ఆపి చూపిస్తే చాలు.

ఆ నాలుగో తరగతి బాబును ఇప్పుడైనా తీసుకురమ్మని వాళ్ళ నాన్నకు చెప్పండి. ఖాళీ అలాగే వదిలేస్తే పక్క పళ్ళు అందులోకి ఒరుగుతాయి. ప్రస్తుతానికి పెట్టి తీసుకునే చిన్న పన్ను చేసిస్తాం, ఎదుగుదల పూర్తయ్యాక శాశ్వతమైనది పెట్టొచ్చు. ధనుర్వాతం ఇంజక్షన్ వేయించారో లేదో కూడా ఒకసారి అడగండి.